ఒకే వాసన ఒకరికి కమ్మగా, ఇంకొకరికి కంపుగా ఎందుకుంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పెళ్ళయి ఏడాది అయింది. పుట్టిల్లు మదనపల్లె, అత్తగారిది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. ఆ ఇంట్లో వారానికోసారి ఎండు చేపలు వేయిస్తారు. ఆ పూట మీరు గదిలో తలుపేసుకుని కూర్చోవాల్సి వస్తోంది. వాళ్ళకేమో ఆ వాసనకే నోరూరుతోంది. అత్తగారు "మరీ నాటకాలు" అంటున్నారు. అదే ఇంట్లో మీవారు పప్పులో కొత్తిమీర కనిపిస్తే సబ్బు వాసనంటూ ఒక్కో ఆకూ ఏరి కంచం అంచున పెడతారు, దాన్ని మాత్రం ఎవరూ నాటకం అనరు. పైగా మల్లెపూలు ఎక్కువైతే మీకు తలనొప్పి. ఇది ముక్కులో తేడానా, మనసులో తేడానా, ఎప్పటికైనా మారుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. నాటకం కాదు. ముక్కులోనూ తేడా ఉంటుంది, మనసులోనూ ఉంటుంది, రెండూ నిజమే. మీరూ మీ అత్తగారూ ఒకే పెనం ముందు నిలబడినా ఇద్దరికీ తగులుతున్నది ఒకే వాసన కాకపోవచ్చు. మనసు తాలూకు భాగం కొంత మారుతుంది. ముక్కు తాలూకు భాగం పెద్దగా మారదు, కానీ అక్కడా కొన్ని వింతలున్నాయి. మీ విషయంలో ఏది ఎంతో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఒకటుంది, చివర్లో రాశాను. ఓపిక లేకపోతే నేరుగా అక్కడికే వెళ్ళండి.

నేను డాక్టర్ని కాదు. గుంటూరు దగ్గర పచ్చళ్ళు, మసాలా పొడులు చేసే ఒక ఫ్యాక్టరీలో 22 ఏళ్ళు పనిచేశాను. అందులో చివరి 15 ఏళ్ళు వాసన, రుచి చూసే ప్యానెల్ నడిపాను. కొత్త లాట్ కారం వచ్చినా, నూనె సప్లయర్ మారినా, పదిమందిని కూర్చోబెట్టి వాసన చూపించి తేడా ఉందో లేదో రాయించడం నా పని. ఆ పదిమందిని ఎంచుకోవడానికి వందలమంది ముక్కుల్ని పరీక్షించాను. ఆ అనుభవం, దానికోసం చదువుకున్న చదువు కలిపి చెప్తున్నాను.

ముందు నా పరువు తీసే సంగతి ఒకటి. ఓసారి ఫ్లేవర్లు అమ్మే మనిషి అట్టపెట్టెలో చిన్న చిన్న సీసాలు తెచ్చాడు. సన్నటి కాగితపు పట్టీని ఒక సీసాలో ముంచి, గాలిలో రెండుసార్లు ఊపి చేతికిచ్చాడు. నా పక్కనున్న అమ్మాయి కళ్ళు మూసుకుని "అబ్బ, పూలు సార్" అంది. నేను పట్టీని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాను. పూలు లేవు. పలచటి వెనిగర్ లాంటిదేదో లీలగా తగిలింది, అంతే. పట్టీ మార్చమన్నాను. మార్చాడు. మళ్ళీ అదే. ప్యానెల్‌లో ఇంకో ఇద్దరు మగపిల్లలకీ నాలాగే ఉంది, మిగతావాళ్ళంతా పూలు పూలు అంటున్నారు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా ముక్కు మీదే బతుకుతున్నవాణ్ణి నేను!

ఆ సీసాలో ఉన్నది బీటా-అయోనోన్. వయొలెట్ పూలకి ఆ వాసన ఇచ్చేది అదే. తర్వాత, 2013లో, న్యూజిలాండ్ పరిశోధకులు ఈ తేడాకి కారణం పట్టుకున్నారు. ఓఆర్5ఏ1 అనే ఒక్క జన్యువులో ఒక్క అక్షరం తేడా. ఒక రకం ఉన్నవాళ్ళకి పూల వాసన, ఇంకో రకం ఉన్నవాళ్ళకి అసలేమీ తెలియదు, లేదా పుల్లగా ఘాటుగా ఏదో తగులుతుంది. నేను రెండో బాపతు. ఎంత శిక్షణ తీసుకున్నా నాకా పూలు పూయవు.

అసలు ముక్కు పనిచేసే తీరు ముగ్గుతో పోల్చి చెప్తే మా కుర్రాళ్ళకి బాగా ఎక్కేది. మన ముక్కు పైభాగంలో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలున్నాయి. వాటిని 400 చుక్కలనుకోండి. ఒక వాసన లోపలికి వెళ్ళగానే కొన్ని చుక్కలు వెలుగుతాయి, ఆ చుక్కల్ని కలిపితే వచ్చే ముగ్గే మెదడుకి ఆ వాసన. నెయ్యికి ఒక ముగ్గు, ఇంగువకి ఒక ముగ్గు. ఈ గ్రాహకాల జన్యువుల్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనిపెట్టారు, 2004లో దానికి నోబెల్ వచ్చింది. ఇక్కడ మీకు పనికొచ్చే విషయం ఏమిటంటే, చుక్కలన్నీ అందరికీ ఒకేలా పెట్టి లేవు. 2014లో వచ్చిన ఒక లెక్క ప్రకారం ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా వాళ్ళ గ్రాహకాల్లో 30 శాతానికి పైగా పనితీరులో తేడా ఉంటుంది. అంటే మీ ముగ్గులో ఉన్న చుక్క మీ అత్తగారి ముగ్గులో లేకపోవచ్చు, ఆవిడ ముగ్గులో ఉన్నది మీ దాంట్లో లేకపోవచ్చు. కంటికి ఇంత తేడా ఉండదు. అందుకే "ఎరుపు" అంటే దాదాపు అందరం ఒప్పుకుంటాం, "కమ్మటి వాసన" అంటే మాత్రం కొట్టుకుంటాం.

ఇక మీ అసలు సమస్య, ఎండు చేప.

సముద్రపు చేప ఒంట్లో, ఉప్పునీటిని తట్టుకోవడానికి, ఒక పదార్థం ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైల్ అమైన్‌గా మారుస్తాయి. మనం నీచు వాసన అనేదాంట్లో పెద్ద వాటా దానిదే. మంచినీటి చేపలో ఆ మూలపదార్థం చాలా తక్కువ, అందుకే మీ మదనపల్లె చెరువు చేపకీ కాకినాడ ఎండు చేపకీ పోలికే లేదు. ఎండబెట్టడంలో నీరు పోయి వాసన చిక్కబడుతుంది, చేపలోని కొవ్వు గాలి తగిలి ఇంకో రకం వాసనలు పుట్టిస్తుంది, పెనం వేడికి అన్నీ కలిసి ఒక్కసారిగా లేస్తాయి. మీరు ఒక వాసనతో కాదు, ఒక గుంపుతో పోట్లాడుతున్నారు.

ఐస్‌లాండ్‌లో 11 వేలమందికి పైగా జనానికి కొన్ని వాసనలు చూపించి, వాళ్ళ జన్యువులతో సరిపోల్చి చూశారు. 2020లో ఫలితాలొచ్చాయి. టీఏఏఆర్5 అనే గ్రాహకంలో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్ళకి చేప వాసన పెద్ద ఇబ్బందిగా అనిపించలేదు. ఇదేమిటో చెప్పమంటే కొందరు కారమెల్ అన్నారు, కొందరు బంగాళాదుంప అన్నారు, గులాబీ అన్నవాళ్ళూ ఉన్నారు! అలాగని మీ అత్తగారింటిల్లిపాదికీ ఆ మార్పు ఉందని నేననడం లేదు. అది ఐస్‌లాండ్‌లోనే కొద్దిమందికి ఉంది, మిగతాచోట్ల ఇంకా తక్కువ. చేప వాసన లాంటి "అందరికీ తెలిసిన" వాసన కూడా అందరికీ ఒకటి కాదని చెప్పడానికి రాశాను.

మీవారి కొత్తిమీరదీ ఇదే ఖాతా. కొత్తిమీర వాసనలో ఆల్డిహైడ్లు అనే రసాయనాలు ఎక్కువ, సబ్బుల్లోనూ ఆ కుటుంబం వాసనలే ఉంటాయి. ఓఆర్6ఏ2 అనే గ్రాహకం పక్కనున్న జన్యు తేడాకీ "కొత్తిమీర సబ్బు వాసనేస్తుంది" అనడానికీ సంబంధం ఉందని 2012లో తేలింది. అయితే ఆ సంబంధం చిన్నదే, జాతకంలా అన్నీ అదే తేల్చేయదు. అదే ఏడాది కెనడాలో చేసిన ఒక సర్వేలో తూర్పు ఆసియా మూలాలవాళ్ళలో 21 శాతం కొత్తిమీర నచ్చదన్నారు, దక్షిణాసియా మూలాలవాళ్ళలో 7 శాతమే అన్నారు. మన ఇళ్ళల్లో పుట్టినప్పటి నుంచీ అది వాసనేస్తూనే ఉంటుంది కదా. ఆ 7 శాతంలో మీవారొకరు. ఈసారి ఎవరైనా నాటకం అంటే ఆ కంచం అంచు చూపించండి.

ఇప్పుడు మనసు సంగతి. "చిన్నప్పటి నుంచీ అలవాటు" అన్నది మనం సులువుగా అనేసే మాట. దాని బలం నేననుకున్నంత లేదని 2022లో వచ్చిన ఒక పరిశోధన చూసి నేనే ఆశ్చర్యపోయాను. అడవుల్లో వేటాడి బతికేవాళ్ళు సహా తొమ్మిది వేర్వేరు జీవన విధానాల జనం, మొత్తం 225 మందికి పది వాసనలిచ్చి, బాగున్నదాని నుంచి బాగాలేనిదాని వరకు వరసలో పెట్టమన్నారు. ఎక్కడికెళ్ళినా వనిల్లా వాసన పైన, చెమటపట్టిన పాదాల వాసన లాంటి ఐసోవలెరిక్ ఆమ్లం అడుగున. ఇష్టాయిష్టాల్లోని తేడాలో సంస్కృతి వాటా 6 శాతమే తేలింది. 54 శాతం ఆ మనిషిది, మిగతాది ఆ పదార్థానిది. అంటే ఒకే ఊళ్ళో పక్కపక్క ఇళ్ళవాళ్ళ మధ్య ఉన్నంత తేడా, ఊరికీ ఊరికీ మధ్య లేదన్నమాట.

దీనికి నా అభ్యంతరం ఒకటుంది. అవి సీసాల్లోని ఒంటరి వాసనలు. తిండి వాసన వేరు, దాని వెనక కడుపు నిండిన జ్ఞాపకం ఉంటుంది. ఆ జ్ఞాపకం పుట్టకముందే మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో కాన్పుకి ముందు రోజుల్లో సోంపు వాసన ఉన్నవి తిన్న తల్లుల బిడ్డల్ని పరీక్షిస్తే, పుట్టిన కొద్ది గంటలకే సోంపు వాసనవైపు మొహం తిప్పారు. తినని తల్లుల బిడ్డలు పట్టించుకోలేదు, కొందరు మొహం చిట్లించారు. 2000లో వచ్చిన పని ఇది. కాబట్టి మీవారు ఎండు చేపని మొదటిసారి రుచి చూసింది అన్నప్రాశన తర్వాత కాదు, బహుశా అత్తగారి కడుపులోనే.

మనసులో ఇంకో మాయ ఉంది. ప్యానెల్‌కి శిక్షణ మొదలైన రోజున నేనొక చిలిపి పని చేసేవాణ్ణి. బ్యూటిరిక్ ఆమ్లం అని ఒకటుంటుంది, వెన్నలోనూ వాంతిలోనూ ఉండేదే. దాన్ని బాగా పలచన చేసి రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాని మీద "చీజ్" అని, ఇంకోదాని మీద "పాడైన పాలు" అని చీటీ అంటించేవాణ్ణి. రెండూ ఒకటే. మొదటిది చూసి "బాగుంది సార్, పిజ్జా" అన్న కుర్రాడు రెండోది చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. రెండూ ఒకే సీసాలోంచి పోశానని చెప్తే నమ్మలేదు, మళ్ళీ వాసన చూశాడు, అప్పుడూ రెండోది వెధవ కంపే అన్నాడు. ఇది నా సొంత తెలివేం కాదు, రేచల్ హెర్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో చీజ్ అని ఒకసారి, వాంతి అని ఒకసారి చెప్పి చేసిన ప్రయోగానికి నా పల్లెటూరి నకలు.

ఎందుకు చెప్తున్నానంటే, మన భాషలో వాసనలకి మాటలు దండిగా ఉన్నాయి. నీచు, కమురు, మాడు, పచ్చి వాసన, పాచి కంపు, ముక్కిపోయిన బియ్యం వాసన. ఇంగ్లీషు చదువుల ఉద్యోగులకి వీటికి సాటి మాటలు చెప్పలేక నేను చాలా అవస్థ పడ్డాను. కానీ ఈ మాటల్లో సగం తీర్పులే. మీరు పెనం దగ్గరికొస్తూనే "నీచు" అనుకుంటూ పీలుస్తున్నారు. అత్తగారు "వేపుడు" అనుకుంటూ పీలుస్తున్నారు. చీటీ ముందే అంటించి ఉంది.

అదే పదార్థం చోటు మారితే ఏమవుతుందో చూడండి. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టి వాసన ఇష్టం లేని తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. కన్నౌజ్‌లో దాన్ని అత్తరు చేసి అమ్ముతారు. ఆ వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్, మట్టిలోని సూక్ష్మజీవులు చేస్తాయి. నీళ్ళలో లక్ష కోట్ల పాళ్ళకి కొద్ది పాళ్ళున్నా మన ముక్కు పట్టేస్తుంది. ఇప్పుడు భీమవరం వైపు చెరువు చేపల రైతునడగండి. చెరువు నీళ్ళు బాగోలేక చేపకి మట్టి వాసన పట్టిందంటే అతని గుండెలో రాయి పడుతుంది, కొనేవాడు రేటు కోస్తాడు. అదీ జియోస్మినే. వాకిట్లో ఉంటే పులకరింత, పులుసులో ఉంటే పారబోత.

మల్లెపూల తలనొప్పి గురించి రెండు మాటలు. మల్లె వాసనలో ఇండోల్ అనేది ఉంటుంది. పలచగా ఉంటే పూల నిండుదనం, చిక్కగా ఉంటే కలరా ఉండల వాసనా ఇంకా దిగితే మలం వాసనా. మూరెడు దండకి బాగుండి, మూసిన గదిలో మంచం నిండా పూలుంటే తల తిరగడంలో వింతేం లేదు. కానీ మీకు పూలు, సెంటు, పెట్రోలు ఏదైనా సరే ఘాటు వాసన తగలగానే ఒక పక్క తలపోటు, వెలుతురు భరించలేకపోవడం ఉంటే అది ముక్కు సమస్య కాదు, మైగ్రేన్ కావొచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి వాసనలు పడకపోవడం చాలా మామూలు. డాక్టర్ని కలవండి. ఇంకోటి, ఎండు చేప బాధ మొదటి నుంచీ ఉందా, ఈమధ్యే ఎక్కువైందా మీరు రాయలేదు. ఈమధ్యే అయితే ముందు నెల లెక్క చూసుకోండి. వేవిళ్ళ రోజుల్లో నిన్నటిదాకా నచ్చిన వాసనే గిట్టకుండా పోతుంది.

మారుతుందా అని అడిగారు. మూడు ఉదాహరణలు చెప్తాను, మూడూ మూడు దారులు.

ఒకటి నాదే. మా చిన్నప్పుడు నెలకోసారి కడుపు శుభ్రం కావాలని ఆముదం తాగించేవారు. ఊరికే తాగరని మా అమ్మ దాన్ని వేడి కాఫీలో కలిపి, ముక్కు మూసి పోసేది. పైన తేలే ఆ జిడ్డు తెట్టె, కింద కాఫీ. ఇప్పుడు నాకు 58 ఏళ్ళు. ఊరంతా పొద్దున్నే ఫిల్టర్ కాఫీ వాసనకి లేచి కూర్చుంటే, నాకు గొంతులో ఆముదం ఆడుతుంది. కాఫీ చేసిన తప్పేం లేదు. ఒకసారి కడుపులో తిప్పడంతో ముడిపడ్డ వాసనని విడదీయడం చాలా కష్టం. అందుకే మీకు వాంతి వచ్చేలా ఉన్నప్పుడు బలవంతంగా తినొద్దు, ఎవరైనా తినిపిస్తే ఒప్పుకోవద్దు. "రెండుసార్లు తింటే అలవాటైపోతుంది" అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటారు, కానీ అలా తిని వాంతి చేసుకుంటే ఆ ముడి జన్మకి విడదు.

రెండోది ముక్కే మారడం. ఆండ్రోస్టెనోన్ అని పంది మాంసంలో ఉండే వాసన. కొందరికి మూత్రం కంపు, కొందరికి తియ్యగా, కొందరికి శూన్యం. దానికీ ఒక గ్రాహక జన్యువు ఉందని 2007లో తేల్చారు. అయితే అంతకుముందే, 1989లో, ఈ వాసన తెలియనివాళ్ళకి రోజుకి మూడుసార్లు చొప్పున ఆరు వారాలు వాసన చూపిస్తే సగంమందికి అది తెలియడం మొదలైంది. అంటే జన్యువు రాసిపెట్టినదాన్ని కూడా కొంత అలవాటు దిద్దుతుంది. నాకు మాత్రం ఆ వయొలెట్ పూలు ఎన్నిసార్లు పీల్చినా రాలేదని ముందే చెప్పాను.

మూడోది మా ప్యానెల్‌లో అందరికన్నా మంచి ముక్కున్నావిడ. 2021 మేలో కోవిడ్ వచ్చి వాసన పూర్తిగా పోయింది. రెండు నెలల తర్వాత తిరిగొచ్చింది కానీ వంకరగా వచ్చింది. కాఫీ, వేయించిన ఉల్లిపాయ, చికెన్ అన్నీ ఒకేరకం మురుగు కంపు. "సార్, తిరగమాత పెట్టాలంటే ఏడుపొస్తోంది" అంది. ముక్కులోని నరాల కణాలు మళ్ళీ మొలిచేటప్పుడు ముగ్గు సగం సగం పడుతుంది, కాఫీ వాసనలో ఉండే గంధకపు పదార్థాలు అలాంటివాళ్ళకి ముందుగా తగులుతాయి, అందుకని కంపు. చెవి ముక్కు గొంతు డాక్టరు ఆవిడకి వాసన కసరత్తు చెప్పారు. జర్మనీలో థామస్ హుమెల్ 2009లో పెట్టిన పద్ధతి అది. గులాబీ, నీలగిరి తైలం, నిమ్మ, లవంగం, నాలుగూ పొద్దునా సాయంత్రం కాసేపు పీల్చడం, 12 వారాలు. ఆవిడ మూడు నెలలు కాదు, ఏడు నెలలు చేసింది. ఉల్లిపాయ దారికొచ్చింది. కాఫీ మాత్రం ఇప్పటికీ పూర్తిగా కుదురుకోలేదు. అలాగని నాకు తోడు దొరికిందని సంతోషించాననుకోకండి!

మీకూ కోవిడ్ తర్వాతే ఈ వాసనల బాధ మొదలైతే మీది ఈ మూడో దారి. అప్పుడు అత్తగారితో వాదించడం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ముఖ్యం.

సరే, ఇంట్లో చేసుకునే పరీక్ష. మేం దీన్ని ముక్కోణపు పరీక్ష అంటాం. ఒకేలా ఉన్న మూడు స్టీలు గ్లాసులు, మూతలు తీసుకోండి. ఎండు చేప ముక్కని లీటరు గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి వడకట్టండి. రెండు గ్లాసుల్లో ఉత్త నీళ్ళు, ఒకదాంట్లో ఈ చేప నీళ్ళు. మూడోవాళ్ళెవరైనా, ఆడపడుచో మరిదో, మీకు కనపడకుండా గ్లాసులు సర్ది ఇవ్వాలి. కళ్ళు మూసుకుని, ఒక్కోదానికి మూత తీసి రెండు చిన్న ఊపిర్లు పీల్చి, వేరేది ఏదో చెప్పాలి. ఆరుసార్లు చేయాలి. ఊరికే ఊహించి చెప్పినా మూడింట ఒకటి తగులుతుంది కాబట్టి ఆరింట్లో ఐదు సరిగ్గా చెప్తేనే నిజంగా పట్టినట్టు లెక్క. తర్వాత ఆ చేప నీళ్ళలో ఒక వంతుకి రెండు వంతుల మంచినీళ్ళు కలిపి పలచన చేసి మళ్ళీ ఆరుసార్లు. మళ్ళీ పలచన. మధ్యలో రెండు నిమిషాలు బయటి గాలి పీల్చాలి, లేకపోతే ముక్కు అలిసిపోయి అన్నీ ఒకటే అనిపిస్తాయి. సెంటు, అగరొత్తులు, పొయ్యి మీద పోపు ఏవీ ఉండకూడదు.

మీవారికీ మీ అత్తగారికీ కూడా ఇదే పరీక్ష పెట్టండి. వాళ్ళు చేతులెత్తేసిన పలచదనంలో కూడా మీరు పట్టగలిగితే మీ ముక్కుకి ఆ వాసన నిజంగానే ఎక్కువ తగులుతోంది. ముగ్గురూ ఒకే మెట్టు దగ్గర ఆగితే పట్టడంలో తేడా లేదు, తేడా నచ్చడంలో ఉంది. ఇది చిన్న ఇంటి పరీక్షే, ఒక రోజు జలుబున్నా లెక్క తప్పుతుంది, కాబట్టి ఇంకో రోజు తిరగేసి చూడండి. కొత్తిమీర నీళ్ళతోనూ చేస్తే మీవారి సంగతి కూడా తేలుతుంది. మా ప్యానెల్ అనుభవం చెప్తున్నాను, "నాకసలు వాసనే రాదు, మీకే ఎక్కువ" అని గట్టిగా అనేవాళ్ళు చాలాసార్లు ముందుగా పట్టేస్తారు.

ఇదే అదనుగా ఇంట్లో అందరూ లవంగం, నిమ్మతొక్క, కాఫీపొడి కళ్ళు మూసుకుని పోల్చుకోగలరా చూడండి. ముఖ్యంగా అత్తగారు. అరవై దాటాక వాసన తగ్గడం మామూలే, కానీ గ్యాస్ లీకయితే తెలియకపోవడం మామూలు విషయం కాదు. సిలిండర్ గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు, పసిగట్టడానికే ఇథైల్ మెర్కాప్టన్ అనే కంపు కలుపుతారు. అది అందనివాళ్ళు వంటింట్లో ఒంటరిగా ఉంటే ప్రమాదం. వాసన బాగా తగ్గినట్టుంటే డాక్టరుకి చెప్పండి, కొన్ని నరాల జబ్బుల్లో, పార్కిన్సన్స్ లాంటి వాటిలో, వాసన పోవడం చాలా ముందుగా కనిపిస్తుంది. భయపెట్టడానికి కాదు, వయసు వల్లా జలుబు వల్లా తగ్గేవాళ్ళే ఎక్కువ.

పరీక్ష ఫలితం ఏదైనా శుక్రవారమో ఆదివారమో మళ్ళీ చేపలు వేగుతాయి కాబట్టి వంటింటి ఉపాయాలు. ట్రైమిథైల్ అమైన్ క్షారం, పులుపు తగిలితే ఆవిరయ్యే గుణం పోయి నీళ్ళలో ఉండిపోతుంది. చేపల పులుసులో చింతపండు వేసిన మన పెద్దలకి ఈ రసాయనం తెలియదు, ఫలితం తెలుసు. ఎండు చేపల తలలు తీసేసి, వేడినీళ్ళలో రెండు మూడుసార్లు కడిగి, పలచటి చింతపండు నీళ్ళలో పావుగంట ఉంచి ఆ నీళ్ళు పారబోస్తే పెనం మీద లేచే వాసన బాగా తగ్గుతుంది. ఉత్త వేపుడు కన్నా వంకాయో మామిడికాయో వేసి పులుసు పెడితే ఇంకా తక్కువ. వండాక పెనాన్నీ పొయ్యి గట్టునీ నిమ్మచెక్కతో రుద్దండి. అగరొత్తి మాత్రం వెలిగించొద్దు. కొన్నాళ్ళకి ఆ అగరొత్తి వాసన కూడా మీకు గిట్టకుండా పోతుంది, నా కాఫీ లాగ.

పెరట్లో చిన్న పొయ్యి పెట్టుకుని అక్కడ వేయించే వీలుంటే అన్నిటికన్నా అదే మేలు. కాకినాడ వైపు చాలా ఇళ్ళల్లో చేసేది అదే. అత్తగారినే అడిగి చూడండి, ఆవిడ అత్తగారి కాలంలో పొయ్యి ఎక్కడుండేదో. గ్లాసుల పరీక్షలో ఎవరు ఏ మెట్టు దాకా వెళ్ళారో ఇక్కడే రాయండి, మీవారి కొత్తిమీర లెక్క తెలుసుకోవాలని నాకు మహా ఉత్సాహంగా ఉంది.